రెండో నెలలోనే షుగర్. రిపోర్టులో "కేసీఎన్‌జే11" అని వచ్చింది, ఇదేంటో చెప్పగలరా?

బుజ్జిగాడి_అమ్మ | శుక్రవారం, రాత్రి 11:52

అందరికీ నమస్తే. మా బాబుకి ఏడో నెల నడుస్తోంది. రెండో నెల నిండకముందే షుగర్ అని తేలింది. మొదట్లో మాకేం తెలియలేదు. ఉతకడానికి బకెట్లో వేసిన పొత్తిగుడ్డలకి చీమలు బారులు కట్టేవి. ఎండాకాలం కదా, చీమలు పట్టవా అనుకున్నాం. వారం తిరిగేసరికి బాబుకి ఎగశ్వాస వచ్చింది. ముందు చూపించిన చోట నెమ్ము అన్నారు, రెండ్రోజులు దానికే మందులిచ్చారు. అక్కణ్నుంచి పెద్దాసుపత్రికి పరిగెత్తితే షుగర్ 580.

అప్పట్నుంచీ ఇన్సులినే. రోజుకి నాలుగు సూదులు. ఒక పూట ఒక యూనిట్, ఒక పూట అర. సిరంజి మీద ఆ అర గీత కనపడక ఫోన్ లైటు వేసుకుని చూస్తాను. కాస్త ఎక్కువైతే షుగర్ పడిపోయి వాడు తోటకూర కాడలా వాలిపోతాడు. తక్కువైతే మూడొందలు దాటుతుంది.

ఇప్పుడు చూస్తున్న డాక్టరుగారు జన్యు పరీక్ష చేయించమన్నారు. ఇవాళే మెయిల్లో వచ్చింది. అపాయింట్‌మెంట్ మంగళవారం. అప్పటిదాకా ఆగలేక ఇక్కడ అడుగుతున్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: జీన్ కేసీఎన్‌జే11, ఆర్201హెచ్, హెటరోజైగస్, పాథోజెనిక్. కింద "పొటాషియం ఛానల్" అని కూడా ఉంది. పొటాషియానికీ షుగర్‌కీ సంబంధం ఏంటి?

ఇంకో మాట. మాది మేనరికం. పుట్టిల్లూ అత్తిల్లూ ఒకటే కాబట్టి నోరు తెరిచి అనేవాళ్లు లేరు. కానీ ఎవరి మొహం చూసినా అదే మాట కనిపిస్తోంది.

పిపెట్_పిల్ల | శనివారం, ఉదయం 6:10

అక్కా, నేను డాక్టర్ని కాదు. ఇలాంటి ఛానళ్ల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆర్201హెచ్ అన్న ముక్క చూడగానే నిద్రమత్తు వదిలిపోయింది. ఎందుకో తర్వాత చెప్తా.

కణం చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సోడియం, పొటాషియం లాంటివి అందులోంచి వాటంతటవి దూరలేవు. వాటికోసం పొరలో ప్రోటీన్లతో కట్టిన దారులుంటాయి. కొన్ని పంపులు, ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుపెట్టి అటూ ఇటూ తోడతాయి. కొన్ని వట్టి తలుపులు. ఆ తలుపులే ఛానళ్లు.

ఇన్సులిన్ చేసే బీటా కణం సంగతి చూడండి. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు దాని పొటాషియం తలుపులు కొన్ని తెరుచుకుని ఉంటాయి. పొటాషియం బయటికి కారుతూ ఉంటుంది కాబట్టి కణం లోపల మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర నిలబడుతుంది. బాబు పాలు తాగాడు. రక్తంలోకి గ్లూకోజ్ వచ్చింది, కణంలోకి వెళ్లి ఖర్చయింది, ఏటీపీ పెరిగింది. ఆ ఏటీపీ వెళ్లి తలుపుకి అంటుకుంటే తలుపు మూసుకుంటుంది. పొటాషియం పోవడం ఆగగానే వోల్టేజీ మారుతుంది, పక్కనున్న కాల్షియం తలుపులు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికొస్తే ఇన్సులిన్ మూటలు పొరకి అతుక్కుని బయటికి ఒలుకుతాయి. మనం తిన్న సంగతి బీటా కణానికి తెలిసేది ఈ తలుపు మూసుకున్నప్పుడే.

తలుపు మధ్యలో నాలుగు కిర్6.2 ప్రోటీన్లు, చుట్టూ నాలుగు ఎస్‌యూఆర్1 ప్రోటీన్లు. కిర్6.2 ని ఎలా కట్టాలో రాసి ఉండేది మీ రిపోర్టులోని కేసీఎన్‌జే11 జన్యువులో. ఆ ప్రోటీన్ 390 పూసల దండ అనుకుంటే, 201వ పూస ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం కావాలి. మీ బాబుకి అక్కడ హిస్టిడిన్ పడింది, అదే ఆర్201హెచ్. ఆ చోటు సరిగ్గా ఏటీపీ కూర్చునే గూడు. ఏటీపీకి పట్టు దొరకదు, తలుపు మూతపడదు. లోపల ఇన్సులిన్ ఉంటుంది, కబురే అందదు.

ఇప్పుడు అసలు సంగతి. ఏటీపీ మూయలేని ఆ తలుపుని వేరే వైపు నుంచి మూసే మందుంది. ఎస్‌యూఆర్ అంటేనే సల్ఫొనైల్‌యూరియా రిసెప్టర్, ఆ పేరున్న మందులు అతుక్కునే చోటు. గ్లిబెన్‌క్లమైడ్ ఆ జాతి మాత్ర. మంగళవారం డాక్టరుగారిని మొదట ఇదే అడగండి.

రాత్రిడ్యూటీ | శనివారం, ఉదయం 7:35

పిల్లల డాక్టర్ని. పై చెల్లెమ్మ చెప్పింది నిజమే, కానీ నేను ముందు బ్రేకు వేయాలి. అమ్మా, ఇది చదివి ఇంట్లో తాతగారి డబ్బాలోంచి మాత్ర తీసి అరగదీసి పోయకండి. ఇన్సులిన్ ఆపకండి. ఈ మార్పు ఆసుపత్రిలో చేర్చుకుని, గంట గంటకీ షుగర్ చూసుకుంటూ, మాత్ర కొంచెం కొంచెం పెంచుతూ ఇన్సులిన్ తగ్గిస్తూ చేసేది.

ఇక మంచి మాట. 2006లో వచ్చిన పరిశోధనలో, కిర్6.2 లో తేడా ఉన్న 49 మందికి ఇన్సులిన్ నుంచి ఈ మాత్రలకి మార్చి చూశారు. 44 మందికి ఇన్సులిన్ పూర్తిగా ఆగిపోయింది. పైగా వాళ్ల హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ ఎలా ఉందో చెప్పే లెక్క) సగటు 8.1 నుంచి 6.4 కి దిగింది. అంటే సూదికంటే మాత్రే బాగా పనిచేసింది. పదేళ్ల తర్వాత 81 మందిని మళ్లీ చూస్తే 75 మంది ఈ మాత్రల మీదే ఉన్నారు. ఆర్201హెచ్ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి షుగర్ తప్ప వేరే ఇబ్బంది ఉండదు. వీ59ఎం లాంటి మరికొన్ని మార్పుల్లో ఎదుగుదల కూడా మందగిస్తుంది, ఎందుకంటే ఈ తలుపులు మెదడులోనూ ఉన్నాయి. మీ డాక్టరు అందుకే మెడ నిలపడం, కూర్చోవడం అన్నీ అడుగుతారు. కంగారుపడకండి.

మేనరికం సంగతి. "హెటరోజైగస్" అన్నారు కదా, అంటే ఆ జన్యువు రెండు నకళ్లలో ఒక్కదాంట్లోనే తేడా. దగ్గరి సంబంధాల వల్ల వచ్చే జబ్బుల్లో రెండు నకళ్లూ చెడిపోయి ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. పసికందుల షుగర్‌లో అలాంటి రకమూ ఉంది, వోల్కాట్-రాలిసన్ అంటారు, మేనరికాల ఇళ్లలో అది ఎక్కువ. మీది అది కాదు. ఈ తేడా చాలామంది పిల్లల్లో కొత్తగా పుట్టుకొచ్చేదే. మీ ఇద్దరి రక్తం కూడా పరీక్ష చేస్తే తేలిపోతుంది. మీ పెళ్లి దీనికి కారణం కాదు.

బుజ్జిగాడి_అమ్మ | శనివారం, ఉదయం 7:58

ఆ చివరి వాక్యం మావారికి గట్టిగా చదివి వినిపించాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి మళ్లీ చదివాను, వినపడేలా.

మందులకొట్టు_మల్లన్న | శనివారం, ఉదయం 10:20

డాక్టర్ సాబ్, నాకు సమజ్ కాలే. గా గోలి మా కొట్ల ముసలోళ్లకు అమ్ముతా. కిడ్నీలు మంచిగ లేని పెద్దమనిషి ఏసుకుని, రాత్రి అన్నం తినకుండ పండుకుంటే పొద్దుగాల షుగర్ పడిపోయి లేవడు. మా గల్లీలనే అయింది. గసుంటి గోలి పసిపోరనికి ఇస్తరా?

రాత్రిడ్యూటీ | శనివారం, మధ్యాహ్నం 2:05

మల్లన్నా, నీ భయం సరైనదే. అందుకే ఆసుపత్రిలో చేర్చుకునేది. ఇంకా వింత ఏంటంటే, బరువు లెక్కన ఈ పిల్లలకి పెద్దవాళ్లకంటే ఎక్కువ మోతాదే పడుతుంది. మామూలు మనిషి తలుపు సగం మూసే ఉంటుంది, ఇంకాస్త తోస్తే షుగర్ పడిపోతుంది. వీళ్ల తలుపు బార్లా తెరిచి ఉంది, గట్టిగా తోయాలి.

ఇదే తలుపు అసలు తెరుచుకోకుండా పుట్టే పిల్లలూ ఉన్నారు. అదే జన్యువులు, తేడా రెండో వైపు. పాలు తాగకపోయినా ఇన్సులిన్ కారిపోతూ ఉంటుంది, షుగర్ పడిపోయి ఫిట్స్ వస్తాయి. కొందరికి డయజాక్సైడ్ అని తలుపు తెరిచే మందు ఇస్తాం. ఒకే వార్డులో ఒక బిడ్డకి తెరిచే మందు, ఇంకో బిడ్డకి మూసే మందు రాసిన రోజు నాకు గుర్తుంది.

నిజం_నిప్పులాంటిది | శనివారం, సాయంత్రం 5:41

జన్యు పరీక్షలు, ఛానళ్లు అంతా కంపెనీల వ్యాపారం. ఇన్సులిన్ అమ్ముకోవడం అయిపోయింది, ఇప్పుడు టెస్టులు అమ్ముతున్నారు. మెంతులు నానబెట్టి తాగిస్తే సరి.

పిపెట్_పిల్ల | శనివారం, సాయంత్రం 6:02

ఏడో నెల పిల్లాడికి మెంతులా? ఇక్కడ వ్యాపారం ఎవరికండీ, రోజూ నాలుగు సూదులు పోయి, పేటెంటు ఎప్పుడో తీరిపోయిన పాత మాత్ర వస్తుంటే?

ఆ మాత్ర పుట్టుకే తమాషా. 1942లో ఫ్రాన్స్‌లోని మాంపెలియేలో మార్సెల్ జాంబాన్ అనే డాక్టరు టైఫాయిడ్ రోగులకి ఒక కొత్త సల్ఫా మందు ఇచ్చి చూశాడు. టైఫాయిడ్ సంగతి ఎలా ఉన్నా రోగులకి షుగర్ పడిపోవడం మొదలైంది. అదే ఊళ్లో లుబతియేర్ అనే ఆయన ఇదేంటని పట్టుకుని కూర్చున్నాడు, క్లోమం ఉన్న జంతువుల్లోనే షుగర్ పడుతోందని తేల్చాడు. మందు దొరికింది గానీ అది ఏ తలుపుని తోస్తుందో తెలియడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. 1983లో నోమా అనే జపాన్ శాస్త్రవేత్త ఈ ఛానల్‌ని గుండె కణాల్లో చూశాడు. మరుసటేడే ఫ్రాన్సెస్ ఆష్‌క్రాఫ్ట్ బృందం బీటా కణంలో గ్లూకోజ్ తగలగానే మూసుకునే పొటాషియం ఛానల్‌ని చూపించింది. జన్యువులు చేతికి చిక్కింది 1995లో.

ఆర్201హెచ్ చూడగానే నిద్ర వదిలిందన్నాను కదా. 2004లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు పసితనంలోనే షుగర్ వచ్చిన 29 మందిని వెతికితే పది మందిలో కేసీఎన్‌జే11 తేడాలు దొరికాయి. వాటిలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించింది ఇదే ఆర్201హెచ్. దాన్ని కప్ప గుడ్లలో పెట్టి చూశారు. అక్కా, మీ బాబు పుట్టకముందే వాడి తలుపుని ఎవరో ఒక కప్ప గుడ్డులో కట్టి, ఏటీపీ పోసి, మూసుకోవట్లేదని రాసిపెట్టారు.

శ్రీకాకుళం_నాన్న | శనివారం, రాత్రి 9:15

మా పాపకి పదకొండేళ్లు. తొమ్మిదో ఏట టైప్ 1 అన్నారు, రోజూ ఇన్సులిన్. ఇది చదివాక చెయ్యి ఆడట్లేదు. మేమూ ఈ మాత్ర అడగొచ్చా?

రాత్రిడ్యూటీ | శనివారం, రాత్రి 10:48

అన్నగారూ, దాచకుండా చెప్తాను. టైప్ 1 లో ఒంట్లోని రక్షణ వ్యవస్థే బీటా కణాల్ని చంపేస్తుంది. కణాలే పోయాక తలుపు మూసి లాభం లేదు. పాప ఇన్సులిన్ ఒక్క పూట కూడా మానొద్దు.

షుగర్ ఏ వయసులో వచ్చిందన్నదే ఇక్కడ కీలకం. ఆరు నెలల లోపు వస్తే అది దాదాపు ఎప్పుడూ టైప్ 1 కాదు, ఏదో ఒక జన్యువులో తేడా. ఆ పిల్లలందరికీ, ఇప్పుడు పెద్దవాళ్లైపోయి ఇరవై ఏళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నా సరే, పరీక్ష చేయించాలి. అందరికీ మాత్ర పనిచేయదు. ఇన్సులిన్ జన్యువులోనే తేడా ఉంటే సూదే గతి. చెన్నైలో మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో ఈ పరీక్షలు చేస్తున్నారు, ఎక్సెటర్ వాళ్లూ పసిపిల్లల నమూనాలు తీసుకుంటారు.

శ్రీకాకుళం_నాన్న | శనివారం, రాత్రి 10:55

సరే సార్. అడిగి చూద్దామనిపించింది, అంతే.

బ్లాక్‌బోర్డు_మాష్టారు | ఆదివారం, ఉదయం 8:30

రిటైరైన సైన్సు మాష్టారిని. మీరంతా ఏటీపీ ఏటీపీ అంటున్నారు గానీ, ఒక్కరూ మనవాడి పేరెత్తలేదు. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరంలో ఏటీపీని పట్టుకున్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు, అది చెప్పకపోతే అన్యాయం. ఫాస్ఫేట్‌ని రంగు చూసి కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంతకు నాలుగేళ్ల ముందటిది. పంపు ప్రోటీన్లు ఎంత ఏటీపీని విరగ్గొట్టాయో లెక్కకట్టడానికి లోకమంతా దశాబ్దాల పాటు ఆ నీలిరంగే చూసింది. ఇదివరకు పదో తరగతి పిల్లలకి ఈ సంగతి చెప్తే "సార్, పరీక్షలో వస్తుందా?" అనేవాళ్లు.

నాకో సందేహం. కప్ప గుడ్డు అన్నావు కదమ్మా. అందులో మనిషి తలుపు ఎలా కడతారు? ఒక్క తలుపు తెరుచుకుందో లేదో ఎలా తెలుస్తుంది?

పిపెట్_పిల్ల | ఆదివారం, మధ్యాహ్నం 12:40

మాష్టారూ, ఈ ప్రశ్న మా అమ్మ కూడా అడగలేదు.

ఆఫ్రికా గోళ్ల కప్ప గుడ్డు చిన్న ఆవగింజంత ఉంటుంది. సగం నల్లగా, సగం పాలిపోయి. సన్నని గాజు సూదితో అందులోకి మనిషి జన్యువు తాలూకు ఆర్‌ఎన్‌ఏ ఎక్కిస్తాం. గుడ్డు అది ఎవరిదని అడగదు, చదివి ప్రోటీన్ చేసేసి పొరలో దిగ్గొడుతుంది. రెండు మూడు రోజులాగి కొలుస్తాం.

ఒక్క తలుపుని వినాలంటే 1976లో నేర్, సాక్‌మన్ మొదలుపెట్టిన ప్యాచ్ క్లాంప్ కావాలి. వాళ్లకి 1991లో నోబెల్ వచ్చింది. సన్న గాజు గొట్టాన్ని మధ్యలో వేడిచేసి సాగదీస్తే రెండుగా తెగి, కొన ఒక మైక్రాన్ దగ్గరకొస్తుంది. దాన్ని మైక్రోస్కోపు కింద కణానికి ఆనించి, దానికి తగిలించిన రబ్బరు గొట్టం చివర నోట్లో పెట్టుకుని కొంచెం పీల్చాలి. నిజంగానే నోటితో. కుదిరితే పొర గాజుకి అతుక్కుపోతుంది, నిరోధం గిగా ఓములు దాటుతుంది. అప్పుడు గొట్టాన్ని మెల్లగా వెనక్కి లాగితే ఆ పొర ముక్క తెగి, లోపలి వైపు బయటికి తిరిగి వస్తుంది. ఇక దాని మీద ఏటీపీ పోయొచ్చు, కడిగేయొచ్చు. స్క్రీన్ మీద గీత మెట్లు మెట్లుగా కదులుతుంది. తలుపు తెరిస్తే ఒక మెట్టు, మూస్తే మళ్లీ కిందికి. ఒక్కో మెట్టు కొన్ని పికోఆంపియర్లు, అంటే ఆంపియర్‌లో లక్ష కోట్ల వంతుల్లో కొన్ని.

అంత చిన్న కరెంటుని వింటున్నప్పుడు గోడలోని కరెంటు కూడా వినిపిస్తుంది. 50 హెర్ట్జ్ రొద. పోయిన నెల మూడు రోజులు ఆ రొదతో చచ్చాను. రొద రాకుండా చుట్టూ కట్టే రాగి జాలీ విప్పి మళ్లీ కట్టాను, ఎర్త్ వైర్లన్నీ మార్చాను. చివరికి చూస్తే బల్ల కింద ఎవరో ఫోన్ చార్జర్ పెట్టి మర్చిపోయారు. చార్జర్ నాదే.

మామూలు కిర్6.2 మీద ఒక మిల్లీమోలార్ గాఢత ఉన్న ఏటీపీ పోస్తే గీత చదునైపోతుంది. మొదటిసారి చూసినప్పుడు ఏదో చెడిపోయిందనుకున్నాను. తేడా ఉన్నదాని మీద పోస్తే మెట్లు తగ్గుతాయేమో గానీ ఆగవు. అక్కా, మీకు 300 దాటిందంటే మాకు కనిపించేది ఆ ఆగని మెట్లు.

బిర్యానీ_తర్వాత | ఆదివారం, రాత్రి 8:20

నాకు షుగర్ లేదు గానీ ఛానల్ అన్నారని అడుగుతున్నా. వయసు 29. పెళ్లిలో బాగా తిని పడుకున్నా, తెల్లారి కాళ్లు లేవలేదు. మంచం మీంచి పడ్డాను. ఆసుపత్రిలో పొటాషియం 2.1 అన్నారు, ఎక్కిస్తే సాయంత్రానికి నడిచాను. ఇదీ ఇలాంటిదేనా?

రాత్రిడ్యూటీ | ఆదివారం, రాత్రి 11:30

ముందు థైరాయిడ్ పరీక్ష చేయించు తమ్ముడూ. మన ఆసియా కుర్రాళ్లలో థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వల్ల ఇలా వస్తుంటుంది. థైరాయిడ్ బాగానే ఉంటే కండరం ఛానళ్ల జన్యువులు చూస్తారు. అన్నం, తీపి దండిగా తింటే ఇన్సులిన్ పెరుగుతుంది, అది సోడియం-పొటాషియం పంపుని తరుముతుంది, పొటాషియం రక్తంలోంచి కణాల్లోకి వెళ్లి దాక్కుంటుంది. ఒంట్లోంచి పోయింది కాదు, చోటు మారింది. ఆ పంపుని 1957లో డెన్మార్క్‌లో స్కో పీత నరాల్లో పట్టుకున్నాడు, నలభై ఏళ్లకి నోబెల్ ఇచ్చారు. మిగతాది వేరే చర్చ పెట్టు, ఇది బుజ్జిగాడి దారం.

బుజ్జిగాడి_అమ్మ | మంగళవారం, రాత్రి 9:05

వెళ్లొచ్చాం. డాక్టరుగారు రిపోర్టు చూసి కుర్చీ ముందుకి జరుపుకున్నారు. నేను అడగకముందే మాత్ర పేరు ఆయనే చెప్పారు. వచ్చే వారం చేర్చుకుంటామన్నారు. మా ఇద్దరి రక్తం కూడా తీసుకున్నారు.

బుజ్జిగాడి_అమ్మ | మూడు వారాల తర్వాత, గురువారం, రాత్రి 10:40

ఆలస్యంగా రాస్తున్నా, ఏమీ అనుకోకండి. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. మొదటి రెండు రోజులు ఏమీ మారలేదు, షుగర్ 290, 310. మావారు బయట వరండాలో తిరుగుతూనే ఉన్నారు. మూడో రోజు రాత్రి రెండింటికి నర్సు కాలి మడమ మీద పొడిచి చూసింది. 142. తప్పేమోనని రెండో కాలికి మళ్లీ పొడిచింది. 139. ఐదో రోజు నుంచి సూది లేదు. ఇంటికొచ్చాక కూడా 120 నుంచి 180 మధ్యే ఉంటోంది. నిన్న ఒకసారి 68 కి దిగింది, డాక్టరుగారికి ఫోన్ చేస్తే మోతాదు కొంచెం తగ్గించారు. రెండ్రోజులు విరేచనాలు పట్టుకున్నాయి, తగ్గాయి.

మా ఇద్దరి రిపోర్టులూ వచ్చాయి. ఇద్దరికీ ఆ తేడా లేదు. కాగితం తీసుకెళ్లి అత్తయ్య ముందు పెట్టాను. చదవలేదు. లేచి వెళ్లి నాకు కాఫీ కలిపి తెచ్చింది.

ఇప్పుడొక చిక్కు. మాత్ర నూరి నీళ్లలో కలిపితే కరగట్లేదు, అడుక్కి దిగిపోతోంది. పైనున్న నీళ్లే వాడి నోట్లోకి పోతున్నాయేమోనని భయం. పాల సీసాలో వేసెయ్యొచ్చా?

రాత్రిడ్యూటీ | గురువారం, రాత్రి 11:20

పాల సీసాలో వద్దు. సగం తాగి వదిలేస్తే ఎంత మందు వెళ్లిందో తెలియదు. అది నీళ్లలో కరిగే మందు కాదు. బాగా మెత్తగా నూరి, డాక్టరు చెప్పినన్ని నీళ్లు కలిపి, కుదిపిన వెంటనే సిరంజిలోకి లాగి బుగ్గలోకి వదలండి. ఖాళీ సిరంజిలో మళ్లీ కాసిన్ని నీళ్లు తీసి అదీ పట్టండి. పళ్లొచ్చాక నోరు తుడవడం మర్చిపోకండి, కొందరికి పళ్ల మీద మరక పడుతుంది. 68 వచ్చినరోజు చేసినట్టే ఎప్పుడు దిగినా ఫోన్ చేయండి.

మందులకొట్టు_మల్లన్న | శుక్రవారం, ఉదయం 9:10

అక్కా, సూదిది కాదు, నోట్ల పోసే సిరంజి అని అడుగు. అయిదు ఎంఎల్‌ది కాదు, ఒక ఎంఎల్‌ది తీస్కో, గీతలు మంచిగ కనవడ్తయ్. ఫోన్ లైటు పని లేదు.